మికెల్ ఇంటి పెంకు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇది రాశాక కూడా ఉండదు. మేముండే ఈ క్రెయిగీబర్న్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్లంతా నేనొక పని చేశానని అనుకుంటున్నారు. చేయలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పక్కింటి మికెల్ స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ కొండల్లో ఎచలార్ అనే చిన్న ఊరివాడు. కుర్రతనంలో చెరకు నరకడానికి క్వీన్స్‌లాండ్ వచ్చి, ఈ దేశంలోనే ఉండిపోయాడు. ఆకులు రాలే కాలంలో వాళ్ల కనుమ మీదుగా అడవి పావురాలు గుంపులుగా వస్తాయట. తెల్లటి చెక్కలు గాల్లోకి విసిరితే, డేగ అనుకుని కిందికి దూసుకొచ్చి వలల్లో పడతాయట. కంచె దగ్గర నిలబడి ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో.

అక్కడ ప్రతి ఇంటికీ ఒక పేరుంటుందట, మనుషుల్ని ఆ పేరుతోనే పిలుస్తారట. మాకూ ఇంటిపేర్లున్నాయి అంకుల్ అన్నాను.

"అయితే ఆ ఇల్లెక్కడుంది?" అన్నాడు.

ఆ ఊళ్లో, చర్చికి వెళ్లే వైపున్న పక్కింటివాడు మొదటి పొరుగువాడు. ఎవరైనా పోతే బంధువులకంటే ముందు అతనికే చెబుతారు. ప్రాణం బయటికి పోవడానికి ఇంటికప్పు మీద ఒక పెంకు తీయడం అతని బాధ్యత.

"ఇక్కడ చర్చి వైపున్నది నీ ఇల్లే. ఆ పొట్టతో నిచ్చెన ఎక్కగలవా?" అని నవ్వాడు.

"మీ కోసం ఎక్కుతాలే అంకుల్."

ఈ చలికాలంలో ఒక మధ్యాహ్నం మికెల్ నిద్రలోనే పోయాడు. కూతురు మైతే పెర్త్ నుంచి ఫోన్ చేసింది. "మొదట మీకే చెబుతున్నాను. ఆ పెంకు..." అని ఆగిపోయింది. తీస్తానన్నాను.

అప్పుడే వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ముగించుకుని వచ్చాను. మోకాళ్లు లాగుతున్నాయి. బయట సన్నగా వాన. కాసేపు నడుం వాల్చి లేద్దామనుకున్నాను. తెల్లారింది.

"రెండుసార్లు లేపానండీ. రేపు అంటూ అటు తిరిగి పడుకున్నారు," అంది మా ఆవిడ.

బయటికి వెళ్లేసరికి, రాత్రి విమానం పట్టుకుని మైతే వచ్చేసి ఉంది. పెరట్లో నిలబడి పైకి చూస్తోంది. మికెల్ పడకగది మీద ఒక పెంకు తీసి, పక్కన బోర్లించి ఉంది. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేను కాదనలేదు. అంత్యక్రియల్లో అందరికీ నన్ను చూపించి పెంకు తీసింది ఈయనేనని చెప్పింది. అప్పుడూ నోరు మెదపలేదు.

నా నిచ్చెన తాళం వేసిన గరాజ్‌లో బూజు పట్టి ఉంది. ఆ రాత్రి గాలి లేదు. మరో పెంకు కదల్లేదు. రాత్రంతా వాన పడినా ఆ గది సీలింగ్ మీద తడి మరక కూడా లేదు.

ఆ పెంకు అన్నాళ్లూ అలాగే ఉంది. పోయిన వారం ఇల్లు అమ్మకానికి పెడుతూ, "తీసిన చేతులతో మీరే పెట్టండి," అని అడిగింది మైతే. ఎక్కి పెట్టాను. కిందికి దిగాక ఇక దాచలేక, తీసింది నేను కాదని చెప్పేశాను.

ఆమె కప్పు వైపు చూసింది.

"అయితే నాన్న వెళ్లాడో లేదో తెలియకుండానే మూసేశారా?"

తీసింది ఎవరో ఇప్పటికీ తెలియదు. మూసింది మాత్రం నేనే.