వీగిపోయిన సవరణలు

మా డ్రైవరన్న పోయాడు. ఇక్కడ ఖతర్‌లో, మదీనత్ ఖలీఫాలో ఆయన పనిచేసే ఇంటి మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వేళకు బండి దగ్గరికి రాలేదట, గది తలుపు తట్టినా పలకలేదట. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. పదకొండేళ్ళలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయని మనిషి అంటూ ఆవిడ ఏడ్చింది. ఐర్లండు ఆవిడ, అంత దూరపు మనిషి. ఆ ఏడుపు వింటూ, నేను పోతే మా కంపెనీలో ఎవరైనా ఇట్లా ఏడుస్తారా అనుకున్నాను. చావు కబురు విన్న మొదటి నిమిషంలో నాకొచ్చిన ఆలోచన అది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆయన మీద నాకు కుళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను జగిత్యాల వైపు వాణ్ణి. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఉంటాను, కంపెనీలో స్టోర్ కీపర్‌ని. శుక్రవారం మధ్యాహ్నాలు అల్ మన్సూరాలో ఒక తెలుగు మెస్సు పై హాల్లో మేం పద్దెనిమిది ఇరవై మందిమి కూర్చుంటాం. సంఘం అని పేరేమీ పెట్టుకోలేదు. ఆస్పత్రిలో ఉన్నవాడికి తోడు కావాలన్నా, ఏ క్యాంపులోనైనా నీళ్ళకు ఇబ్బంది అయినా అక్కడే మాట్లాడుకుంటాం, అవసరమైతే కంపెనీకి అర్జీ పెడతాం. అర్జీ రాసేది నేనే, మినిట్స్ పుస్తకం ఉండేదీ నా దగ్గరే. నా చేతిరాత బాగుంటుందని, మాట ఇంకా బాగుంటుందని అనేవారు. అందుకే నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

డ్రైవరన్నది రాయచోటి దగ్గర పల్లె. మా దగ్గరికి వచ్చిన మొదటి శుక్రవారమే లేచి నిలబడి, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకొని, నా వైపు తిరిగి "అధ్యక్షా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. నేను చదివిన అర్జీ కాపీని నాలుగు మడతలు పెట్టి, అంచున పెన్సిలుతో వరుసల నంబర్లు వేసుకొని ఉన్నాడు. "రెండో పేజీ, ఐదో వరుస. ఈడ ఒక సవరణ ఉండాది అధ్యక్షా," అని మొదలుపెట్టాడు. నా అర్జీకి సవరణ చెప్పిన మనిషి అంతవరకు లేడు.

ఆ విద్య ఎక్కడిదో తర్వాత తెలిసింది. మేడమ్ వాళ్ళ అక్క ఐర్లండులో ఎగువ సభ సభ్యురాలు. మన శాసనమండలి లాంటిది అనుకోండి. ఉండేది ప్రతిపక్షంలో. అక్క ప్రసంగాలన్నీ మేడమ్ బండిలో పెట్టుకొని వింటుంది. వెనక సీట్లో పిల్లలు గొడవ చేస్తే సౌండు పెంచుతుంది. స్టీరింగు ముందు కూర్చొని ఈయనా విన్నాడు. అర్థం కాని మాటను సిగ్నల్ పడినప్పుడు అడిగి తెలుసుకునేవాడు. ఏళ్ళ తరబడి అట్లా వినీ వినీ, ఎన్నడూ చూడని ఆ సభ పద్ధతి ఈయనకు వంటబట్టింది.

ఒకసారి నన్ను కంటి డాక్టరు దగ్గర దింపుతూ, బండి పక్కకు ఆపి ఒక ప్రసంగం వినిపించాడు. ముసలివాళ్ళను చూసుకోవడానికి ఇళ్ళలో పనిచేసేవాళ్ళ గురించిన చట్టం అది. మంత్రి తెచ్చిన ముసాయిదాలో తనిఖీలు ఉంటాయని ఉంది. ఆవిడ లేచి మంత్రికి కృతజ్ఞతలు చెప్పి, తనిఖీ ఎవరు చేస్తారు, ఎన్నాళ్ళకు ఒకసారి చేస్తారు, చేయకపోతే ఆ పనిమనిషి ఎక్కడికి వెళ్ళి చెప్పుకోవాలి అని అడిగింది. తర్వాత ఓటింగు జరిగింది. ఆవిడ సవరణ వీగిపోయింది.

"ఓడిపాయె గదన్నా. దీనికింత సంబురమేంది?" అన్నాను.

"ఓడిపోతాదని ఆయమ్మకు తెల్దా? వాళ్ళ మంది తక్కువ. అయినా పై వారం మళ్ళా లేస్తాది," అన్నాడు. ఫోనులో ఏదో తీసి నా ముందు పెట్టాడు. ఆవిడ అన్న ప్రతి మాటా అక్కడ అచ్చులో ఉంది. "సూడన్నా, ఓడిన మాట గూడా రాసిపెడతారు. అంతకన్నా ఇంకేం గావాల?"

ఆ మూడు ప్రశ్నలూ మా హాల్లోకి వచ్చేశాయి. నేను ఏ అర్జీ చదివినా ఆయన లేచేవాడు. "ఎవరు చేస్తారు? ఎన్నిరోజుల్లో? చెయ్యకపోతే యాడికి పోయి చెప్పుకోవాల?" మాట్లాడటం పూర్తయ్యేదాకా టీ ముట్టేవాడు కాదు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగి కూర్చునేవాడు. ఆయన మాట్లాడుతుంటే సెల్‌ఫోన్లు చూసేవాళ్ళు కూడా తలెత్తేవారు. నేను మాట్లాడేటప్పుడు తలలు ఎటు ఉండేవో అప్పటిదాకా నేను గమనించనే లేదు. ఆయన వచ్చాక ప్రతి శుక్రవారం లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

సవరణకు చేతులెత్తమంటే, వద్దని మొదట లేచే చెయ్యి నాది. నన్ను చూసి మిగతా చేతులు లేచేవి. ఆయన వైపు ఆయనా, ఒక మేస్త్రీ, అంతే. ప్రతిసారీ ఓడి, ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు. "రాసినారా అధ్యక్షా?"

"రాసిన," అనేవాణ్ణి.

రాయలేదు. "చర్చ అనంతరం అర్జీ ఆమోదించబడినది" అని ఒక్క వాక్యం రాసి పుస్తకం మూసేవాణ్ణి. నాకు బద్ధకం కాదు. ఆయన మాట నా చేతిరాతలో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా క్యాంపు బయట బస్సు కోసం నిలబడే చోట నీడ ఉండేది కాదు. ఎండాకాలం పొద్దున ఆరింటికే అక్కడ మాడు కాలుతుంది. నేను అర్జీ రాశాను. "మా కడగండ్లను సహృదయంతో పరిశీలించి" అంటూ రెండు పేజీలు. ఆయన లేచి సహృదయాన్ని తీసేయమన్నాడు. ఏ గేటు దగ్గర ఎంత పొడవు షెడ్డు కావాలో, ఏ ఆఫీసరు వేయించాలో, ఏ తేదీలోపు వేయాలో మూడు వరుసలు చెప్పాడు. ఓటింగు పెట్టాను. వీగిపోయింది. రెండు రోజుల తర్వాత టైపింగ్ షాపులో కూర్చున్నప్పుడు నా రెండు పేజీలు పక్కనపెట్టి, ఆయన మూడు వరుసలే టైపు చేయించి, కింద నా సంతకం పెట్టాను.

నెల తిరగకముందే షెడ్డు వచ్చింది. ఇంత సూటిగా రాసిన అర్జీ చూడలేదని కంపెనీలో మేనేజరు అన్నాడట. శుక్రవారం నాకు దండ వేశారు, ఫోటో దిగాం. మేనేజరు దగ్గర పనిచేసే కుర్రవాడు అర్జీ కాపీ తెచ్చి పైకి చదివాడు. ఇక డ్రైవరన్న లేస్తాడని, నా పరువు తీస్తాడని అనుకున్నాను. లేచాడు. "అధ్యక్షులవారికి మనస్ఫూర్తిగా అభినందనలు," అని కూర్చున్నాడు. మెట్లు దిగుతుంటే నా పక్కకు వచ్చి, "మేడమ్ వాళ్ళక్కకు గూడా ఇట్లే జరుగుతాదన్నా. ఒక వారం కాదంటారు, పై వారం వాళ్ళదే అని తెస్తారు. నీడ వచ్చింది, అంతే సాలు," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలా రోజులు వెతికాను. దొరకలేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆయన్ను ఊరికి పంపించాం. కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య నాకు ఫోన్ చేసింది.

"అన్నా, మీటింగులో ఆయన మాట్లాడినేవి బుక్కులో రాసినారంట గదా. శుక్రవారమొస్తే ఫోన్లో చెప్తాండేవాడు, ఈ పొద్దు నా మాట బుక్కులోకి ఎక్కిందని. మా పాప లా కాలేజీలో చదువుతాది. వాళ్ళ నాయన ఏమేం మాట్లాడినాడో చదవాలంటాంది. జిరాక్సు అయినా పంపిస్తారా?"

"పంపిస్తనమ్మా," అన్నాను.

పుస్తకం తీసి మొదటినుంచీ తిరగేశాను. ఆరేళ్ళ శుక్రవారాల్లో ఆయన పేరు ఒక్క చోట కూడా లేదు. అన్ని పేజీల్లోనూ నా అందమైన చేతిరాత. ఆయన పోయాక నాకు ఏడుపు వచ్చింది అప్పుడే.

తర్వాతి శుక్రవారం హాల్లో లేచి ఉన్న మాట చెప్పేశాను. "నేను రాసిన రాసిన అన్నది అబద్ధం. ఒక్క ముక్క రాయలే. కుళ్ళుతోని రాయలే."

మెస్సు నడిపే అమలాపురం ఆయన అన్నాడు. "మీరు పెన్ను కదపకుండానే రాశానంటుంటే మాకు కనపడదా ఏమిటండీ? ఆయనకీ కనపడే ఉంటదిలెండి. ఇప్పుడు రాయండి. మేం చెబుతాం."

చెప్పారు. ఆస్పత్రి తోడు గురించి ఆయన అన్నదొకరు, నీళ్ళ ట్యాంకు గురించి అన్నదొకరు, ఆయన యాసలోనే, ఏ వరుసలో ఏ మాట తీయమన్నాడో కూడా చెప్పారు. నేను ఇన్నేళ్ళు ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక్క వాక్యమైనా వీళ్ళకు గుర్తుందా అని అడగబోయి నోరు మూసుకున్నాను. తండ్రి మాటలు కావాలని అడిగే కూతురు ఉండటం ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు. మా వాడు ఫోన్ చేస్తే దుబాయ్‌లో ఎండలెట్లున్నయి నాన్నా అని అడుగుతాడు, నేనుండేది ఖతర్‌లో అని ఇప్పటికీ వాడికి పట్టదు.

సవరణ రాశాక ఫలితం రాయాలి. ఎదురు చెప్పింది ఎవరో రాయాలి. ప్రతి సవరణ కిందా "వీగిపోయింది" అని రాసి, వద్దన్నవాళ్ళలో మొదట నా పేరే రాసుకుంటూ వచ్చాను. సాయంత్రమైంది. షెడ్డు అర్జీ దగ్గరికి వచ్చాం. మేస్త్రీ ఆ మూడు వరుసలూ తడుముకోకుండా చెప్పాడు. రాశాను. "వీగిపోయింది," నా పేరు. అక్కడ ఆగాను. అంతటితో పేజీ తిప్పేయవచ్చు. ఆ పిల్లకు తెలిసే దారి లేదు.

అందరూ నా పెన్ను వైపే చూస్తున్నారు.

"తర్వాత అధ్యక్షుడు ఇదే మాటను తనదిగా రాసుకొని దండ వేయించుకున్నాడు" అని రాశాను. కింద సంతకం చేసి, అందరికీ కనబడేలా పుస్తకాన్ని వాళ్ళ వైపు తిప్పి బల్ల మీద పెట్టాను.