బెల్లు కొట్టిన తర్వాత

మొన్న పదో తరగతి పరీక్షల రోజుల్లో మనవరాలిని తీసుకురావడానికి హోసూరులో ఒక బడి గేటు దగ్గర నిలబడ్డాను. బెల్లు కొట్టగానే పిల్లలంతా సంత విడిచినట్టు ఒక్కసారిగా బయటపడ్డారు. కిటికీ పక్కన ఒక అబ్బాయి మాత్రం ఇంకా తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు. నా నోరు ఊరుకోదు కదా, "ఏమప్పా, ఆ పిల్లోడు వచ్చే సంవత్సరం పరీక్ష కూడా ఇప్పుడే రాసేస్తాండాడా?" అని వాచ్‌మన్‌ని అడిగాను. "డాక్టరు కాగితం ఉండాది సారూ. చదివేది, రాసేది నిదానం. అట్లాంటోళ్లకు టైం ఎక్కువిస్తారు" అన్నాడతను, బస్సు వేళ చెప్పినంత మామూలుగా. మనవరాలు వచ్చి బండెక్కి కూర్చుంది. నేను స్టార్ట్ చేయడం మరిచి ఆ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ అబ్బాయిలో నాకు మా అక్క కూతురు కనబడింది.

నన్నెరగని వాళ్లకు ముందు నా సంగతి చెప్పాలి. తొంభైలలో హోసూరు వీధుల్లో మైకు కట్టుకుని తిరిగిన ఆటోలోని గొంతు నాదే. చీరల తగ్గింపు, సర్కసు, పోలియో చుక్కలు, తప్పిపోయిన ఆవు, ఏదైనా సరే తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి, కన్నడంలో ఒకసారి. ఇచ్చిన కాగితం చూసి చదివేవాణ్ణి కాదు. డ్రైవరు చేత ఒక్కసారి చదివించుకుని, చెవిన పడ్డదానికి నాలుగు చతుర్లు చేర్చి వదిలేవాణ్ణి. జనం దాన్ని నా తెలివి అనుకున్నారు, నేనూ కాదనలేదు. చిన్నప్పుడే బడి మానేసిన ముచ్చట కూడా నాకొక కచేరీ. "నన్ను బడికి పంపకుండా ఉంటే మేకపిల్లనిస్తానని అయ్యవారు మా నాయన కాళ్లు పట్టుకున్నాడు" అని మొదలుపెడితే పెళ్లి పందిళ్లు ఊగిపోయేవి. మేక కట్టుకథ. అసలెందుకు మానేశానని నన్నెవరూ అడగలేదు. మేకను అడ్డం పెట్టిందే అందుకు.

మా అక్కావాళ్లది కెలమంగలం. బావ పట్టుపురుగులు పెంచేవాడు. వాళ్ల అమ్మాయి రేడియోలో విన్న నాటకాన్ని మర్నాడు పాత్రల గొంతులతో సహా ఒప్పగించేది. పురుగులకు మల్బరీ ఆకు కోసే ఆడవాళ్లు పని ఆపి వినేవాళ్లు. అదే పిల్ల చేతికి పుస్తకమిస్తే వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, మళ్లీ కదిలి, ఒక లైను దాటి ఇంకో లైన్లో పడేది. "వచ్చెనమ్మా ప్యాసింజరు, ప్రతి స్టేషన్లో ఆగుతాది" అన్నాను ఒకనాడు. ఆ పేరు ఇంటిల్లిపాదికీ నచ్చింది. బడిలో కూడా పాకింది. పిల్ల అందరికంటే ముందు తనే కూ అని కూత పెట్టి నవ్వించేది. నవ్వుతోంది కదా, ఇంకేం బాధ అనుకున్నాను. నవ్వు వెనక ఏముంటుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా ఊళ్లలో పిల్లలకు చదువు రాకపోతే ముందు బడిలో చదివే మీడియంను అనుమానిస్తాం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, సంతలో ఇంకొకటి. తప్పును ఏదో ఒక భాష నెత్తిన వేయడం సులువు. ఎనిమిదో తరగతి తెలుగు మీడియంలో ఆ అమ్మాయికి మార్కులు బాగా తక్కువొచ్చినప్పుడు బావ దిగాలుగా కూర్చున్నాడు. నవ్విద్దామని, "తెలుగులో అక్షరాలు జాస్తి బావా. తమిళంలో వేసెయ్. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఆడ ఒకటే. సగం బరువు ఆడనే దిగిపోతాది" అన్నాను. అందరూ నవ్వారు, బావ తప్ప. ఆ వేసవిలోనే అమ్మాయిని కృష్ణగిరిలో తమిళ మీడియం బడికి మార్చి హాస్టల్లో వేశాడు. నేను ఎగతాళికి అన్నానని చెప్పలేదు. నా మాటకు అంత విలువ రావడం లోపల్లోపల బాగుంది కూడా.

రెండు వేలు దాటిన కొత్తలో, ఆమె పదిలో ఉండగా, పెద్దవాళ్లను పంపమని బడి నుంచి కబురొచ్చింది. అప్పుడు బావ పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. చివరిసారి కుబుసం విడవడాన్ని మావాళ్లు అలా అంటారు. ఆ వారం మనుషులు తిన్నా తినకపోయినా వాటికి ఆకు పడుతూనే ఉండాలి. "నువ్వు పోయి రా అబ్బయ్యా, మాట్లాడేదానికి నీకంటే మొనగాడెవడు?" అంది అక్క.

టీచరమ్మ తమిళామె. నాకోసం తెలుగు కూడబలుక్కుంది. అమ్మాయిని వరండాలో ఉండమని, తలుపు దగ్గరగా వేసి చెప్పింది. ఈ పిల్ల మొద్దు కాదు, సోమరి కాదు. నోటితో అడిగితే క్లాసులో అందరికంటే బాగా చెబుతుంది, కాగితం మీద మాత్రం ఏమీ మిగలదు. బోర్డు మీది ఎక్కించుకునేటప్పుడు లైన్లు ఎగిరిపోతాయి. ఒకే మాటను ఒకే పేజీలో రెండు రకాలుగా రాస్తుంది. కుడి ఎడమలకు తడబడుతుంది. చదవమంటే తలనొప్పంటుంది, లేదంటే ఏదో వేషం వేసి క్లాసంతా నవ్విస్తుంది. అంతవరకూ తల ఊపుతూ వింటున్న నేను అక్కడ ఊపడం ఆపేశాను. ఇది తన అనుమానమే, బెంగళూరులో డాక్టరుకు చూపిస్తే తేలుతుంది అంటూ టీచరమ్మ డిస్లెక్సియా అనే పేరు చెప్పింది. టమోటా తోటకు కొట్టే మందులా ఉందే అన్నాను. టీచరమ్మ నవ్వలేదు. "డాక్టరు రాసిస్తే పరీక్షలో టైం ఎక్కువ ఇస్తారన్నా. ఇంట్లో చెప్పండి, మరిచిపోవద్దు" అంది.

శుక్రవారం కావడంతో అమ్మాయీ నాతో బయల్దేరింది. రాయకోట మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడవునా నేను కండక్టరు ఈల మీద, వాడి సంచి మీద జోకులు వేస్తూనే ఉన్నాను. తను నవ్వుతూనే ఉంది. ఇల్లు చేరగానే ఆకు తట్ట దించకుండానే అక్క, "ఏమంటాదిరా టీచరు?" అంది. "ప్యాసింజరును ఎక్స్‌ప్రెస్ చెయ్యాలంటాది" అన్నాను. బావ ఆ మాటనూ నిజంగానే తీసుకున్నాడు. చదువుకు అడ్డమని ఆ సాయంత్రమే రేడియో తీసి అటక మీద పెట్టేశాడు. పిల్ల అటక వైపు చూసింది, తర్వాత నా వైపు.

ఎందుకు చెప్పలేదు? పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందనుకున్నానని కొన్నేళ్లు సర్దిచెప్పుకున్నాను. అది కూడా మేక లాంటిదే. టీచరమ్మ ఒక్కొక్క గుర్తూ చెబుతుంటే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ గీస్తున్నట్టుంది. ఆ పిల్లకు అది ఉంటే నాకూ ఉన్నట్టే. అప్పుడిక నా కథలోంచి మేక పోయి, పలక ముందు ఏడుస్తున్న పిల్లవాడొకడు మిగులుతాడు. వాణ్ణి దాచడానికి ఆ పిల్లను అడ్డం పెట్టాను.

పదిలో తప్పింది. నర్సు కావాలని ఉండేది ఆమెకు. మళ్లీ కట్టమంటే వద్దంది. ఉద్దనపల్లిలో ఇచ్చాం, మొగుడు మంచివాడు. ఇద్దరూ గులాబీలు పండిస్తారు.

గేటు దగ్గర ఆ అబ్బాయిని చూసిన మర్నాడు ఉద్దనపల్లి పోయాను. షెడ్డులో పూలు కట్టలు కడుతోంది. "ఏంది మామా, మొగం అట్లుండాది? మైకు చెడిపోయిందా?" అంది. పరాచికం లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు, అయినా తడుముకుంటూ అంతా చెప్పాను. తన చేతులు ఆగలేదు.

"తెలుసులే మామా. తలుపు సందులోంచి అంతా వినబడింది నాకు. బస్సులో నాతో అంటావనుకొన్నాను. సరే, అమ్మ ముందర చెప్తాడులే అని నవ్వుతా కూర్చున్నాను."

"నువ్వైనా చెప్పాల్సిందమ్మా" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

"నేను చెప్తే సాకు అందురు. నువ్వు చెప్పింటే నమ్మేవాళ్లు" అంది. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. ఇంకో కట్ట అందుకుంటూ, "ఆ రబ్బరు బ్యాండ్లు ఇట్లియ్యి మామా, వ్యాను వచ్చే టైమాయె" అంది.

అందించాను. పక్కన కూర్చుని చేతనైన కట్టలు కట్టాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకెన్నాళ్లు పట్టిందో అడగకండి, అక్షరాలు ఇప్పటికీ నా మాట వినవు. ఆ అమ్మాయికి రావాల్సిన ఎక్కువ టైమంతా నేనే వాడేసుకున్నాను. చెప్పాల్సిన ఒక్క మాట నా నోట వచ్చేసరికి పరీక్ష హాలు ఊడ్చి ఎప్పుడో తాళం వేసేశారు.