మిరప తోటలో పదకొండు గుంటలు

ఒక్క చెవికమ్మ కోసం పరాయివాళ్ల మిరప తోటలో పదకొండు గుంటలు తవ్విన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? ఇదిగో, ఇప్పుడు తగిలాడు. నవ్వడానికి తొందరపడకండి, ముందుంది అసలు నగుబాటు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, చిల్లకల్లులో ఒంటి గది. ఆర్నెల్లలో ఆ ఊళ్లో నన్నెవరైనా అడిగిన ప్రశ్న ఒక్కటే: "పార్సిలా, ఇక్కడే తింటారా?" ఆదివారాలు గోడమీద బల్లితో కష్టసుఖాలు చెప్పుకునేదాకా వచ్చా. అట్టాంటి రోజుల్లో ఫోన్లో చూసి ఓ మెటల్ డిటెక్టర్ తెప్పించా. ఇనపమంచం దగ్గర పెడితే "కుయ్" అంది. ఆ గదిలో నాకు బదులు పలికింది అదొక్కటే!

ఆ తర్వాతి ఆదివారం దాన్ని భుజాన వేసుకుని ఊరిబయట తోటల వైపు వెళ్లా. మిరపకాయలు కోసే ఆడవాళ్లు నలుగురైదుగురు వంగి దేనికోసమో వెతుకుతున్నారు. అందరిలోకి పెద్దావిడ మరియమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"కమ్మ పడిపోయింది బాబూ, మా అమ్మ పెట్టింది. అదేంది, గడ్డికోసే మిషనా?"

"కాదమ్మా, బంగారం ఎక్కడున్నా ఇట్టే పట్టేస్తుంది," అన్నా, దాన్ని నేనే కనిపెట్టినట్టు.

అడుగేశా. కుయ్! తవ్వా. ఏమీ లేదు. ఇంకో అడుగు. కుయ్! కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు; నాకు వానపాము కూడా దొరకలా. కానీ చుట్టూ మాటలు మొదలయ్యాయి.

"ఏ ఊరు బాబూ?"

"శ్రీకాకుళమండి."

"వంటెవరు చేస్తారు?"

"నేనేనండి."

"అందుకే అట్టా పుల్లలా ఉన్నావు! నందిగామలో మా చుట్టాలపిల్ల ఉంది, చెప్పమంటావా?"

అయిదో గుంట దగ్గర అనుమానమొచ్చి మిషన్ని నా కాళ్ల దగ్గర పెట్టా. కుయ్యోమంది. ఫ్యాక్టరీ బూట్లు! వేళ్లు నలగకుండా ముందు ఇనపరేకు ఉంటుంది. ఇందాకట్నుంచీ అరుస్తోంది నా కాళ్లని చూసి.

చెప్పేయాలి కదా? చెప్పలా. చెబితే వాళ్లు పనిలోకి, నేను గదిలోకి. ఇంకో ఆరు తవ్వా.

అప్పుడొచ్చాడు తోట ఆసామి. "ఏందయ్యా ఇది? మిరపతోటా, చేపలచెరువా?"

నిజం చెప్పక తప్పలేదు. ఆడవాళ్లు విరగబడి నవ్వారు, మరియమ్మ తప్ప.

"తెలిసే తవ్వావా? నా కమ్మతో ఆటలా నాయనా?"

ఆ మాటకి తల కొట్టేసినట్టయింది. బూట్లు దూరంగా విసిరేసి, కాలే మట్టిలో ఉత్తకాళ్లతో ఒక్కో సాలూ తిరిగా. పదినిమిషాల్లో, రాశి పోసిన కాయల పక్కనే మిషన్ సన్నగా కూసింది. కమ్మ! మరియమ్మ దాన్ని కళ్లకద్దుకుని, "చల్లగా ఉండు," అని చెవికి పెట్టుకుంది. అంతే, అందరూ సాళ్లలోకి వెళ్లిపోయారు.

"గుంటలు పూడ్చిపో," అన్నాడు ఆసామి.

ఒక్కణ్ణే పూడుస్తుంటే, గట్టుమీద వాళ్లు అన్నం క్యారేజీలు విప్పుతున్న చప్పుడు వినిపించింది. పిలుస్తారేమోనని ఆఖరి గుంటని రెండుసార్లు పూడ్చా. పిలవలా.

అందుకే మట్టిచేతుల్తో, సూర్యుడి సాక్షిగా శపథం చేశా: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరి వస్తువునైనా సరే, అన్నాలవేళకి ముందు వెతికిపెట్టను!