పలక మీద బోర్డు

కాలిన బోర్డు వాసన అంత తొందరగా వదలదు. ముక్కులోంచి దిగి గొంతు వెనక కూర్చుంటుంది. మొన్న మంగళవారం గిద్దలూరులో ఒక నూనె మిల్లుకు వెళ్ళాం. నాతో పనిచేసే పీరయ్య అక్కడి డ్రైవులో పాత బోర్డు తీసి ఇంకో పాత బోర్డు పెట్టాడు. స్విచ్చి వేయగానే ఠప్పుమని పొగ. డ్రైవంటే పెద్ద మోటారు ఎంత వేగంగా తిరగాలో చెప్పే పెట్టె, బోర్డు దాని బుర్ర. ఆ రకం బోర్డులు తయారు చేయడం కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఒక్కటి దొరకాలంటే నెలల తరబడి తిరగాలి. మిల్లు వాళ్ళందరి ముందే నేను పీరయ్య మీద నోరు పారేసుకున్నాను. ఏమన్నానో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ వాసనతో పాటే నాకు రోశయ్య చిన్నాయన గుర్తొచ్చారు.

ఆయన నాకు చుట్టం కాదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక సందులో చిన్న రిపేరు షాపు ఆయనది. పది చదివి, మోటార్లకు తీగ చుట్టడంతో మొదలుపెట్టి, డ్రైవుల దాకా వచ్చిన మనిషి. నేనేమో డిప్లొమా చదివినదాన్ని, ఆ పొగరు నిండా ఉన్నదాన్ని. పెళ్ళయి మార్కాపురం వచ్చాక ఉద్యోగం కోసం నాలుగు చోట్ల అడిగితే ఆడమనిషికి కరెంటు ప్యానెళ్ళ దగ్గర ఏం పని అన్నారు. చిన్నాయన మాత్రం, బొమ్మలు గీయడం వచ్చా అని అడిగారు. రాదన్నాను. పర్లేదు, వస్తాదిలే అని పనిలో పెట్టుకున్నారు.

బొమ్మల సంగతి మొదటి రోజే తెలిసింది. మూల విరిగిందనో, గీత పడిందనో ఫ్యాక్టరీల వాళ్ళు పారేసే పలకలు ఆయన షాపులో గుట్టగా ఉండేవి. పాత బోర్డు విప్పే ముందు దాన్ని పలక మీద బలపంతో గీయాలి. ఏ తీగ ఎక్కడ బిగించి ఉంది, ఏ పిన్ను ఎటు పెట్టి ఉంది, అన్నీ. నాకు నవ్వొచ్చింది. ఫోన్లో ఫొటో తీస్తే పోయేదానికి ఈ ఒకటో తరగతి వేషాలేంటి అన్నాను. ఆయన కోప్పడలేదు.

"ఫొటో ఫోను చూస్తాదమ్మా. గీస్తే నువ్వు చూస్తావు."

తల ఊపాను గానీ, ముసలాయన చాదస్తం అనుకున్నాను.

బోర్డుల కోసం ఆయన పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగేవారు. ఒకసారి నన్నూ దొనకొండ తీసుకెళ్ళారు. ఏదో మూతపడిన మిల్లు సామాను అక్కడ కుప్పగా పోసి ఉంది. బోర్డు మీద నంబరు చూశాను, మాకు కావలసిందే, అదీ రెండు. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన మాత్రం దుకాణదారుణ్ణి కూర్చోబెట్టి ఆరా మొదలుపెట్టారు. ఇది ఏ మిల్లుది, ఏ మిషను తిప్పింది, ఎన్నాళ్ళు ఊరికే పడి ఉంది, అక్కడ కప్పు కురిసేదా. దుకాణదారుడికి విసుగొచ్చి, పెళ్ళిచూపులకు వచ్చినావా ఏంది రోశయ్యా అని ఎకసెక్కెమాడాడు. అట్లనే అనుకో అని చిన్నాయన కూడా నవ్వి, గోనెసంచి మీద చతికిలబడి, రెండు బోర్డులనూ రెండు పలకల మీద గీసి, అప్పుడు విప్పారు. ఒకటి మా టెస్టింగు బల్లకు బిగించారు. ఆ రకం బోర్డు ఏది బాగుచేసినా దాని పక్కన పెట్టి సరిచూసేవాళ్ళం. రెండోదాన్ని దాని పలకతో కలిపి తాడుతో కట్టి అటక మీద పెట్టారు.

ఆ ఎండాకాలమే ఒక పలకల ఫ్యాక్టరీలో రాయి నునుపు చేసే మిషను ఆగిపోయింది. మా అత్త పనిచేసేది దాని మీదే, ఇంకో ఇరవై మంది ఆడవాళ్ళతో కలిసి. బడి పలకలు కొనేవాళ్ళు తగ్గి, గోడలకు అంటించే రాళ్ళ మీద నడుస్తున్న ఫ్యాక్టరీ అది. కొత్త డ్రైవు పెడితే మోటారు కూడా మార్చాలి, అది నా వల్ల కాదు, శనివారానికి మిషను తిరక్కపోతే తూకానికి అమ్మేసి తాళం వేస్తానని యజమాని చెప్పేశాడు. చిన్నాయన వేరే పనిలో ఉండి, అటక మీది బోర్డు తీసుకుని ముందు నన్ను పొమ్మన్నారు. పలక బరువెందుకని తాడు విప్పి దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళాను. ఫ్యాక్టరీలో పాత బోర్డుకు ఫోన్లో ఫొటో తీశాను, విప్పాను, తెచ్చినది బిగించాను. నంబరు ఒకటే కదా. స్విచ్చి వేశాను.

ఠప్పుమంది. ఆ బోర్డు మీద చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. ఇటు పెడితే నూటపది వోల్టులకు, అటు పెడితే రెండువందల ఇరవైకి. దొనకొండ బోర్డులో అది నూటపది వైపు ఉంది. ఫ్యాక్టరీలో వచ్చేది రెండువందల ఇరవై. నా ఫొటోలో సరిగ్గా ఆ పిన్ను మీదే తీగల కట్ట అడ్డంగా పడుకుని ఉంది. నేను వదిలేసి వచ్చిన పలక మీద మాత్రం చక్కగా గీసి ఉంది. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

చిన్నాయన వచ్చారు. బోర్డు చూశారు, నా ఫోన్లో ఫొటో చూశారు. నాకు ఏడుపు ఆగడం లేదు.

"మన బస్టాండులో నిలబడి చెన్నకేశవులూ అని పిలువమ్మా. ఎంతమంది తిరిగి చూస్తారు?"

చాలామంది, అన్నాను. మా ఊరి దేవుడి పేరు అది, వీధికి నలుగురు ఉంటారు.

"పేరు ఒకటే. ఇండ్లు వేరే గదా."

అంతే, స్కూటరెక్కి వెళ్ళిపోయారు. అరగంటలో తిరిగొస్తే చేతిలో బోర్డు ఉంది. చూడగానే గుర్తుపట్టాను, అది మా టెస్టింగు బల్లది. ఇదీ పోతే ఫ్యాక్టరీ పోతుంది, మా షాపులో ఆ రకం పనీ పోతుంది. ఆయనే బిగిస్తారు కదా అని పక్కకు జరిగాను. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, పైన ఒక పలక, బలపం పెట్టారు. యజమాని కంగారుపడి, నువ్వే పెట్టు రోశయ్యా అన్నాడు.

"ఆ పిన్ను సంగతి ఈడ అందరికంటే బాగా తెలిసింది ఇప్పుడు ఈమెకే. ఈమే పెడతాది."

అలా అని నా వైపు వీపు పెట్టి కూర్చుని, మా అత్తతో ఈ ఏడు మిరప ఎట్ల ఉండాదని కబుర్లలో పడ్డారు. నేను గీశాను. బలపం రెండుసార్లు విరిగింది. మా బల్ల నడిచేది నూటపదితో, అందుకని పిన్ను రెండువందల ఇరవై వైపు మార్చాను, మళ్ళీ పలక చూశాను, మళ్ళీ బోర్డు చూశాను, స్విచ్చి వేశాను. మోటారు చిన్నగా మూలిగి తిరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ తమ చోట్లకు వెళ్ళారు. చిన్నాయన అప్పుడు కూడా మిరప సంగతే మాట్లాడుతున్నారు.

ఆయన పోయి రెండేళ్ళు. ఆ మిషను ఇంకా తిరుగుతోంది, మా అత్త ఇంకా దాని మీదే పనిచేస్తోంది. షాపు ఇప్పుడు నేను నడుపుతున్నాను. పలకల గుట్ట అలాగే ఉంది.

ఇక పీరయ్య సంగతి. అతనూ అప్పటి నాలాగే పలక మీద గీయకుండా బిగించాడు. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాను, గడ్డి తింటున్నావా అన్నాను, ఇంకా రాయకూడనివి కూడా అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, మీసాలు కిందికి దించుకుని నిలబడ్డాడు. ఊపిరి పీల్చుకుందామని ఆగినప్పుడు ఆ వాసన మళ్ళీ తగిలింది. మర్నాడు, తర్వాతెప్పుడో దొరికితే అటక మీద దాచిన ఆఖరి బోర్డు తీసుకుని ఇద్దరం గిద్దలూరు వెళ్ళాం. మీరే పెట్టండి మేడం అన్నారు మిల్లువాళ్ళు. బోర్డు, పలక, బలపం పీరయ్య చేతిలో పెట్టాను. తిట్టకుండా ఇవ్వడం చిన్నాయనకు చేతనైంది. నేను తిట్టి ఇచ్చాను, కానీ ఇచ్చాను. ఇచ్చి అటు తిరిగి కూర్చున్నాను. వెనక బలపం కీచుమంటోంది, విరిగింది, మళ్ళీ కీచుమంటోంది. తిరిగి చూడకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.