గయ్యాళి చేతులు మారిన వేసవి

ఆయన పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. రొట్టెల దుకాణం మీదున్న చిన్న గదిలో కూచుని, ఊళ్ళో సగంమంది నవ్వుల్ని మైనంతో అచ్చుపోసి, అరగదీసి, మెరుగుపెట్టేవాడు. అందుకే అందరికీ పళ్ళాయన అయ్యాడు. పగలంతా వేలెడంత వస్తువు మీద కళ్ళు గుచ్చి పనిచేసే మనిషికి, సెలవు దొరికితే చాలు, చూపు ఎక్కడా ఆగనన్ని నీళ్ళు కావాలి. అందుకోసమే పెళ్ళయిన కొత్తలో ఒక తెరచాప పడవ కొన్నాడు. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, ఒక బుల్లి పొయ్యి, నిలబడితే నెత్తికి తగిలే కప్పు. వెనకాల తాడుతో కట్టుకోవడానికి ఓ చిన్న పడవ. వేసవి వస్తే మొగుడూ పెళ్ళాల కాపురం దాంట్లోనే. ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిరిగేవారు. గాలి కాస్త పెరిగిందంటే పడవ తాళ్ళన్నీ ఒక్కసారిగా కీచుమని అరిచేవి. అందుకని దానికి గయ్యాళి అని పేరు పెట్టాడు.

"నా బిరుదు తీసుకెళ్ళి దానికిచ్చారు," అనేది భార్య, ఇంటికొచ్చిన చుట్టాలందరి దగ్గరా.

ముప్పై ఏళ్ళకు పైగా అలా తిరిగాక ఆయన కుడికన్ను మసకబారింది. చేతిలో పని వేళ్ళే చూసుకునేవి గానీ, దూరాలు అంచనాకు అందడం మానేశాయి. ఒకే వేసవిలో రేవులో పడవ ఆపబోయి రెండుసార్లు జెట్టీని గుద్దాడు. రెండోసారి భార్య మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"అమ్మేద్దాం," అన్నాడు, మోకాలికి మందు రాస్తూ.

అన్నాడే గానీ, వచ్చినవాళ్ళకి పడవ చూపించే తీరు చూస్తే, కొనొద్దని బతిమాలుకుంటున్నట్టు ఉండేది. ఒకాయన లోపల టీవీ ఎక్కడ పెట్టుకోవచ్చని అడిగాడు. "ఒడ్డు మీద," అన్నాడు పళ్ళాయన. ఇంకొకాయన పడవ చుట్టూ తిరిగి, పాతది కదా అని పెదవి విరిచాడు. "మీ పళ్ళకంటే గట్టిది," అన్నాడు. ఆ పళ్ళు చేసింది తనే కాబట్టి ఆ సంగతి ఆయనకు బాగానే తెలుసు.

"ఇలాగైతే చివరికి చెదపురుగులే కొంటాయి," అంది భార్య.

అప్పుడొచ్చింది ఆ జంట. ఆమె రైలు డ్రైవరు. భర్త ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తాడు. అతను ఎక్కీ ఎక్కగానే లోపలికి దూరి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఆమె మాత్రం ఏమీ అడక్కుండా వెనకాల చుక్కాని పిడి మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇంతకుముందు నడిపావా అమ్మా?" అన్నాడు పళ్ళాయన.

"చెరువు మీద చిన్న పడవ నేర్చుకున్నానండీ. సముద్రం మీద లేదు." ఆ పిడి నిమిరి, "ఇన్నేళ్ళుగా రైలు నడుపుతున్నా బాబాయ్ గారూ. అంత పెద్ద బండి నా చేతిలో ఉందంటారు గానీ, పట్టాలెటు పోతే అటే. పట్టాల్లేని చోట నడపాలని ఎప్పట్నించో ఉంది," అంది.

పళ్ళాయన నోరు తెరిచేలోగా ఆయన భార్య ఒడ్డుకు కట్టిన తాడు విప్పేసింది. "గాలి బాగుంది. ఒక చుట్టు తిరిగొద్దాం పదండి."

రేవు దాటేదాకా చుక్కాని ఆయనే పట్టుకున్నాడు. దాటాక కూడా వదల్లేదు.

"ఏమండీ, లేవండి. కొనేవాళ్ళని నడపనివ్వండి."

"మరి నేనెక్కడ కూచోను?"

"ముందు. నా చోట్లో."

వెళ్ళి ముందుకొసన కుక్కిన పేనులా కూచున్నాడు. రేవు గోడ దాటగానే గాలి పట్టుకుంది. తెరచాప పొట్ట ఉబ్బింది, పడవ ఓ పక్కకి ఒరిగింది, తాళ్ళు కీచుమన్నాయి. మొదటి అల వచ్చి ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా తడిపేసింది. ఇన్నేళ్ళూ వెనకాల కూచుని తెరచాపనూ భార్య వీపునూ చూశాడే గానీ, పడవ నీళ్ళని చీల్చుకుపోవడం ఇంత దగ్గర్నుంచి చూడలేదు. చెక్క కింద నీళ్ళు బుసకొడుతూ రెండుగా విడిపోతున్నాయి. మళ్ళీ ఎప్పుడు తడుస్తానా అని తర్వాతి అల కోసం మెడ చాచాడు.

"ఇదేంటే, ఇలా ఉంది," అని అరిచాడు వెనక్కి తిరిగి.

"మొదట్నించీ ఇలాగే ఉంది. మీకు ఇప్పుడు తీరింది."

ఇంతలో గాలి దిశ మార్చుకుంది. ముందు తెరచాప తాడు ఎక్కడో ఇరుక్కుని, గుడ్డ టపటపా కొట్టుకోసాగింది. పడవ రాళ్ళవైపు తిరిగింది. పళ్ళాయన చటుక్కున లేవబోయాడు.

"కూచోండి బాబాయ్ గారూ, నేను చూసుకుంటా," అని రైలు డ్రైవరు పడవ ముక్కుని గాలికి ఎదురు తిప్పింది. పడవ నెమ్మదించింది. అప్పటికే మొహం పాలిపోయి ఉన్న వంటాయన పాక్కుంటూ వెళ్ళి తాడు విడిపించాడు. తెరచాప మళ్ళీ నిండగానే ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిన్నిగారూ, మీరూ చుక్కాని పట్టండి," అంది.

"నాకు రాదమ్మా."

"ఇన్నేళ్ళలోనూ?"

"ఇన్నేళ్ళూ ఈయన వదిల్తే కదా."

అంటూనే పిడి అందుకుంది. మొదట పడవ పాములా మెలికలు తిరిగింది. ఆవిడ పెదవి బిగించింది. కాసేపటికి నీళ్ళు ఎటు లాగుతున్నాయో చేతికి తెలిసినట్టుంది, మెలికలు తగ్గి పడవ సూటిగా సాగింది. భార్య మొహం అలా వెలిగిపోవడం పళ్ళాయన ఎప్పుడు చూశాడో గుర్తు తెచ్చుకోబోయి, మానేసి, దాన్నే చూస్తూ కూచున్నాడు. రేవు వచ్చేదాకా ఆవిడ పిడి ఎవరికీ ఇవ్వలేదు.

జెట్టీ మీద దిగాక, "మాకు ఇదే కావాలి," అంది రైలు డ్రైవరు. పళ్ళాయన భార్యవైపు చూశాడు. ఇప్పుడు వద్దంటుందేమోనని ఆశ.

"వీళ్ళకిచ్చేయండి. దానికి తగ్గవాళ్ళే దొరికారు," అందావిడ. "కానీ వెనకాల కట్టుకునే ఆ చిన్న పడవ మాత్రం నేనివ్వను. దానికీ ఓ తెరచాప ఉందిగా."

"దాంతో నువ్వేం చేస్తావు?"

"నడుపుతా. మీరు ముందు కూచుందురుగాని."

పళ్ళాయన, పడవ పేరు నచ్చకపోతే మార్చుకోవచ్చని కొత్తవాళ్ళతో చెప్పాడు. "అక్కర్లేదండీ, ఇంట్లో అలవాటే," అన్నాడు వంటాయన. పక్కనుంచి రైలు డ్రైవరు మోచేత్తో పొడిచింది.

తర్వాత కొన్ని వారాలు సెలవు దొరికినప్పుడల్లా వాళ్ళిద్దరూ వచ్చేవారు. కప్పు ఎక్కడ కారుతుందో, పొయ్యి ఎలా బుజ్జగిస్తే వెలుగుతుందో అంతా నేర్పాడు. నేర్పుతున్నకొద్దీ ఇవ్వడం తేలికైంది.

వాళ్ళు దీవులకు బయల్దేరిన పొద్దున, పళ్ళాయన దంపతులు చిన్న పడవలో సాగనంపడానికి వెళ్ళారు. గయ్యాళి పక్కనుంచి దూసుకుపోతే, ఆ అలలకి చిన్న పడవ ఉయ్యాలలూగి, లోపలికి నీళ్ళొచ్చాయి.

"తల వంచండి," అంది భార్య. ఆయన ఆలస్యంగా వంచాడు. తెరచాప అడుగున ఉండే వాసం ఊగి వచ్చి టోపీని ఎగరేసుకుపోయింది.

"నా టోపీ."

"పోతే పోయింది, నీళ్ళు తోడండి."

డబ్బాతో నీళ్ళు తోడుతూ, నవ్వాపుకోలేక, ఆయన దూరానికి చూశాడు. గయ్యాళి రెండో తెరచాప ఎత్తుతోంది.

"వాళ్ళని అందుకుందామా?"

"మనవల్ల కాదు గానీ, ఆ రాళ్ళ మలుపుదాకా పోదాం," అని ఆవిడ తాడు బిగించి లాగింది.