కాగితం రెండో వైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్ల కాగితం కొన్న పాపాన ఎవరూ పోలేదు. నాన్నగారు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఒకవైపు సైక్లోస్టైల్ యంత్రం మీద అచ్చువేసి, పనయ్యాక పారేసే సర్క్యులర్లను కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చేవారు. వాటి రెండో వైపు ఖాళీగా ఉండేది. నా లెక్కలు, అమ్మ సరుకుల చీటీ, భీమవరం రాసే ఉత్తరాల చిత్తుప్రతులు, అన్నీ ఆ వెనకవైపే. జనక్‌పురిలో మా వీధి పంజాబీ పిల్లలు చూసి నవ్వేవారు. నవ్వితే నవ్వారు, రాసుకోవడానికి ఏ వైపైతేనేం అనేది అమ్మ.

మేం అద్దెకున్న ఇంటి మేడ మీద ఒంటిగది ఉండేది. అలాంటి గదిని ఢిల్లీలో బర్సాతీ అంటారు. అందులో వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్క ఉండి సివిల్స్‌కి చదువుకునేది. పొద్దున్నే బస్సులు మారి యూనివర్సిటీ వైపు క్లాసులకు వెళ్ళి, మధ్యాహ్నం దాటాక వాడిన ముఖంతో వచ్చేది. ఆ ఏటితో ఆమెకు వయసు దాటిపోతుంది. అదే ఆఖరిసారి. ఈసారి కూడా తప్పితే సామాను సర్దుకుని వచ్చెయ్యమని వాళ్ళ నాన్న ఉత్తరం రాసేశారు. ఆ ఉత్తరం ఆమె తలగడ కింద ఉండేది. నేను దొంగతనంగా చదివాను కాబట్టి నాకు తెలుసు.

అంతకుముందు రెండుసార్లూ ఆమెను ముంచింది ప్రపంచ చరిత్రేనట. లైబ్రరీ నుంచి దిండంత పుస్తకాలు తెచ్చి, గడువులోపు చదివి, నోట్సు రాసుకుని, తిరిగి ఇచ్చేసేది. ఆ నోట్సు రాసింది నాన్నగారు ఇచ్చిన సర్క్యులర్ల వెనకే. రాసిన వైపు దుమ్ము పడకూడదని కట్టలన్నీ బోర్లించి పెట్టేది.

సాయంత్రాలు పాల బూత్ దగ్గర వరసలో నిలబడడం నా పని. అక్క తోడు వచ్చేది. ఆ రోజు ఏం చదివిందో వరస కదిలేదాకా నాకు కథలా చెప్పేది. నాకు పదకొండేళ్ళు. ఫ్రాన్స్ ఎటువైపుందో కూడా తెలియదు. అయినా రొట్టెల దుకాణం ముందు నిలబడి నిలబడి విసిగిపోయిన పారిస్ ఆడవాళ్ళు వానలో తడుస్తూ రాజుగారి కోట దాకా నడిచారని, జనక్‌పురి నుంచి ఎర్రకోట ఎంత దూరమో అంత నడిచారని చెబితే, చేతిలో క్యాను పట్టుకుని నోరు తెరిచి వినేదాన్ని. నీకర్థమైతే నాకొచ్చినట్టే లెక్క అనేది అక్క.

దీపావళి ముందు ఢిల్లీలో ప్రతి ఇల్లూ దులిపి, పనికిరానివన్నీ పాత సామాన్లు కొనే కబాడీవాలాకి వేసేస్తారు. మాకు ఊళ్ళో లేని అలవాటు. అమ్మ మాత్రం పక్కింటి ఆంటీలను చూసి నేర్చుకుంది. అదే వారం ఇంటాయన బర్సాతీకి సున్నం వేయిస్తుండడంతో అక్క తన పెట్టె, కాగితాల కట్టలు తెచ్చి మా వరండాలో పెట్టుకుంది. పరీక్షకు ఇంకా ఇరవై రోజులున్నాయి.

ఆ పూట అమ్మ వంటింట్లో డబ్బాలు కడుగుతూ, వరండాలోని పాత పేపర్లు కబాడీవాలాకి ఇవ్వమని నాకు చెప్పింది. ఇచ్చాను. పక్కనే పురికొసతో కట్టిన సర్క్యులర్ల కట్ట కనిపించింది. పైన అచ్చు ఉంది. నాన్నగారి పాత కాగితాలే కదా అని అదీ తక్కెడలో పడేశాను. తిప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పైగా పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం అక్క ప్రపంచ చరిత్ర నోట్సు కట్ట కోసం వెతుకుతుంటే, నేను తక్కెడలో పడేసిందేమిటో తెలిసింది. చూశావా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. అక్క తన మీదే అనుమానపడింది. లైబ్రరీలో మరిచానేమో, బస్సులో వదిలేశానేమో అని మర్నాడంతా క్లాసుల చుట్టుపక్కల తిరిగింది. ఆ మర్నాడు బస్సు డిపోకి వెళ్ళి కనపడ్డవాళ్ళందరినీ అడిగి వచ్చింది. అన్నం ముట్టలేదు. అమ్మ పాలు పట్టుకెళ్తే గ్లాసు మీద మీగడ కట్టేదాకా అలాగే ఉంచేసింది. నేను మెట్ల మీద కూర్చుని, ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటూనే రెండు రోజులు గడిపాను. చచ్చిపోతే బాగుండునని ఆ వయసులోనే అనిపించింది.

మూడో రోజు పొద్దున, సున్నం పని అయిపోయి బర్సాతీకి తిరిగి చేరిన అక్క పెట్టె సర్దుకోవడం చూశాను. బట్టలు మడిచి, పైన వాళ్ళ నాన్న ఉత్తరం పెట్టింది. ఇక నా వల్ల కాలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, ఏడుస్తూ, సగం హిందీలో సగం తెలుగులో చెప్పేశాను. నా ఏడుపు విని అమ్మానాన్నలు కూడా పైకొచ్చారు.  అక్క ఒక్కటే మాట అంది.

"మొన్ననే చెప్తే దొరికేవి గదనే."

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నాన్నగారు చొక్కా తగిలించుకుని అక్కను, నన్ను వెంటబెట్టుకుని కబాడీ దుకాణానికి పరుగు తీశారు. కొన్న కాగితాన్ని ముందురోజే లారీకి ఎత్తేశామని దుకాణం భయ్యా చెప్పాడు. పాపం ఆయనే మిగిలిన గుట్ట అంతా మా ముందు గుమ్మరించాడు. మధ్యాహ్నం దాకా ముగ్గురం నేల మీద కూర్చుని ఏరాం. పదకొండు కాగితాలు దొరికాయి. ఒకదాని మీద ఎవరో పకోడీలు పెట్టుకుని తిన్నట్టు నూనె మరక. అక్క దాన్ని కొంగుతో తుడిచి, చదవబోయి, నా ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను చూడడం అదే మొదలు.

సాయంత్రం పాలకు వెళ్ళే వేళయింది. నేను ఒక్కదాన్నే క్యాను పట్టుకుని బయల్దేరాను. వరసలో నిలబడ్డాక వెనక చెప్పుల చప్పుడైంది. అక్క వచ్చి పక్కన నిలబడింది. ముఖం కడుక్కున్నా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. నేను మళ్ళీ ఏడుపు మొదలుపెట్టబోతే ఆపింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గని. రొట్టెల కోసం నడిచిన ఆడోళ్ళ కథ చెప్పిన గద నీకు, అది చెప్పు."

నాకు సరిగ్గా రాదన్నాను.

"తప్పే చెప్పు. నువ్వు తప్పు చెప్తెనే నాకు ఒప్పు గుర్తుకొస్తది."

చెప్పాను. వానలో నడిచారన్నాను, కోట తలుపులు పగలగొట్టారన్నాను, రాజు పారిపోయాడన్నాను. అక్క ఉలిక్కిపడినట్టు, పారిపోలేదు, అప్పుడు వాళ్ళతోనే పారిస్ వచ్చాడు, పారిపోబోయింది ఆ తర్వాత సంగతి అంటూ, పాలవాడి కిటికీ చెక్క మీద పెట్టి ఏదో చీటీ వెనక రాయడం మొదలుపెట్టింది. వెనకవాళ్ళు గోల చేస్తున్నా వినిపించుకోలేదు.

మిగిలిన రోజులన్నీ అలాగే గడిచాయి. నేను బడి నుంచి రాగానే బర్సాతీలో కూర్చుని గుర్తున్నంత చెప్పేదాన్ని. మొదటి ప్రపంచ యుద్ధాన్ని మా వీధి కుళాయి దగ్గర ఆంటీల తగవులాగా గుర్తుంచుకున్నాను. ఇద్దరు మొదలుపెడితే ఇద్దరి చుట్టాలూ కొంగులు బిగించుకుని దిగుతారు కదా, అలాగ. అందులో రష్యాను తీసుకెళ్ళి జర్మనీ పక్కన నిలబెట్టాను. ఆ ఒక్క తప్పు సరిదిద్దడానికి అక్క నాలుగు పేజీలు రాసింది. నాన్నగారు జీవితంలో మొదటిసారి తెల్ల కాగితాలు కొనుక్కొచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళారు. అక్క వాటికి రెండు వైపులా రాసింది. అయినా పోయినదాంట్లో సగం కూడా తిరిగి రాలేదని ఇద్దరికీ తెలుసు. కొన్ని మధ్యాహ్నాలు కలం పక్కన పడేసి గోడకు తల ఆనించుకునేది. 

పరీక్ష రాసింది. ఎంపిక కాలేదు. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళారు. వెళ్ళే రోజు ఆటో ఎక్కబోతూ నన్ను దగ్గరకు తీసుకుంది. నా వల్లేనా అక్కా అని అడిగాను. ఆమె నా జుట్టు సవరించింది.

"నీవల్ల కాదు. ప్రపంచ చరిత్ర ఉన్న పేపర్‌లోనే నాకు ఎక్కువ మార్కులొచ్చినయ్."

ఆ మార్కుల కాగితం నేను చూడలేదు. చూపించమని అడిగే ధైర్యం ఆ రోజు లేదు, తర్వాత అవకాశమూ రాలేదు. అది నిజమో, నన్ను బతికించడానికి చెప్పిందో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇదే జనక్‌పురిలో ఉంటున్నాను. తప్పు చేస్తే ఆ పూటే చెప్పేస్తాను. అందుకు ఇంట్లో నాకు నోరు పెద్దదని పేరు. నా మనవరాలికి చరిత్ర పాఠం నేను చెప్పను. తననే చెప్పమని, తప్పు చెప్పినా పరవాలేదంటాను. దీపావళి ముందు కబాడీవాలా గేటు దగ్గర నిలబడి తొందరపెడుతుంటాడు. నేను అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పి చూస్తుంటాను. మనవరాలు విసుక్కుంటూ, "అమ్మమ్మా, పీఛే కుఛ్ నహీ హై" అంటుంది. వెనక ఏమీ లేదని నాకూ తెలుసు. అయినా ఆఖరి కాగితం దాకా తిప్పి చూశాకే వాడి చేతికిస్తాను.