మా కాయిల్ విన్న ఇనుము

భద్రాచలం దారిలో బస్సు ఆపి, సంచుల మీదుగా తనిఖీవాళ్లు ఆడించే నల్లటి మెటల్ డిటెక్టర్ మోగినప్పుడు, ఎందుకు మోగిందని అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంటుందా? ఈ అంశంపై కాలేజీ డిబేట్‌లో ఒకసారి గట్టిగా వాదించాను. అది అసలు ఎలా మోగుతుందో తెలుసుకునే అవసరం మాత్రం మొన్నటి వేసవిలో, దమ్మపేట నుంచి వచ్చిన ఒక ఫోన్‌తో కలిగింది.

దమ్మపేట దగ్గర మా పెదనాన్నకు పామాయిల్ తోట ఉంది. మొక్కలు కొత్తవి, ఇంకా మోకాలి ఎత్తు దాటలేదు. రోడ్డు పక్కన వేయించిన బోరు ఎండలు ముదిరేసరికి బురద కక్కడం మొదలుపెట్టింది. చేనులోనే ఎక్కడో ఒక పాత బోరు ఉంది. నీళ్లు బాగానే ఉన్నా కరెంటు లైను దూరమైందని అప్పట్లో దాని మోటారు తీసేసి, కేసింగ్ పైపుకు ఇనుప మూత బిగించి, మట్టి కప్పారు. తరువాత డోజరుతో చేను చదును చేయించినప్పుడు గుర్తుగా ఉన్న గట్టు కూడా పోయింది. కొబ్బరికాయను అరచేతిలో నిలబెట్టి నీళ్ల జాడ చెప్పే మనిషిని పిలిపిస్తే రెండు చోట్లు చూపించాడట. రెండు చోట్లా రాయే తగిలింది. త్వరగా నీళ్లు అందకపోతే మొక్కలు దక్కవని పెదనాన్న దిగులు.

నేను చదివేది రాజనీతిశాస్త్రం. అయినా నీటిని వెతకడం వేరు, ఇనుమును వెతకడం వేరు కదా అన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. కాలేజీ ఉన్న ఊళ్లో, ఖానాపురం హవేలి పేటలోని మా కిరాయి గదిలో రాగి తీగ, ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, పాత ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పుస్తకం ముందేసుకుని, ఆ ఇనుప మూతను పసిగట్టే మెటల్ డిటెక్టర్ చేద్దామని కూర్చున్నాను. రెండు సర్క్యూట్లు దాదాపు ఒకే వేగంతో కంపిస్తుంటే వాటి మధ్య తేడా మాత్రమే మన చెవికి స్వరంగా వినిపిస్తుందని పుస్తకంలో ఉంది. ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. ఒక సాయంత్రం సెంటర్‌లో రెండు షేర్ ఆటోలు ఇంజన్లు ఆపకుండా పక్కపక్కన నిలబడి ఉన్నాయి. వాటి మోతలు కలిసి, ఆగి ఆగి ఉబికే మూడో మోత ఒకటి వినిపించింది. ఒక డ్రైవరు కాస్త యాక్సిలరేటర్ తిప్పగానే ఆ ఉబుకు జోరందుకుంది. ఎక్కవలసిన ఆటోను వదిలేసి గదికి పరుగెత్తాను. లోహం దగ్గరికి వస్తే కాయిల్, అంటే బయటి తీగచుట్ట, ఉన్న సర్క్యూట్ వేగం మారుతుంది, రెండోదాని వేగం మారదు, తేడా మోగుతుంది. ఇంతే!

మొదటి కాయిల్‌ను నేను అన్నం తినే స్టీలు పళ్లెం అంచుకు చుట్టాను. గుండ్రంగా, గట్టిగా కుదిరింది కానీ దేనికీ సరిగా పలకలేదు. కాయిల్ తాను కూర్చున్న పళ్లేన్నే చూస్తూ ఉండిపోయిందని అర్థం కావడానికి ఒక ఆదివారమంతా పట్టింది. తీగను ప్లాస్టిక్ బకెట్ మూతకు మార్చి, తాళంచెవి దగ్గర పెట్టగానే చిన్న స్పీకరు నుంచి వచ్చిన ఆ కూతకు నేను నిజంగానే గంతేశాను.

ఇల్లందు బొగ్గు గనిలో పనిచేసే నాన్న సెలవు పెట్టి నాతో దమ్మపేట వచ్చారు. ప్లాస్టిక్ పైపుకు కాయిల్ బిగించి ఉన్న పరికరాన్ని చూసి పెదనాన్న ముందే హెచ్చరించారు, గుప్తనిధుల కోసం తవ్వుతున్నారని ఊళ్లో పుకారు పుట్టకుండా పని జల్దీ కానివ్వమని. పరికరం నాన్న పట్టుకున్నారు. ఎక్కడైనా స్వరం కొద్దిగా కదిలితే ఆగి, ముందుకు జరిగి, కాయిల్ పక్కనే మడమతో నేలను తట్టి చెవి పెట్టేవారు. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, శబ్దాన్ని బట్టి గట్టిదో వదులో చెప్పే అలవాటు ఆయనది. తట్టగానే స్పీకరు గట్టిగా కూసేది. తవ్వేవాళ్లం. మట్టి, దాని కింద ఇంకా మట్టి. మూడో గుంత కూడా ఖాళీగా తేలాక పెదనాన్న పార కింద పడేసి గట్టు మీద కూర్చున్నారు.

"కొబ్బరికాయ రెండు గుంతలే తవ్విచ్చింది బిడ్డా. నీ మిషిను మూడు తవ్విచ్చింది. దానికన్నా కొబ్బరికాయే నయం, ఆఖరుకు పచ్చడన్నా అయితది."

నాన్న నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ మాటలో న్యాయం ఉంది. కొబ్బరికాయను ఏ కొలతతో కాదన్నానో నా పరికరాన్నీ అదే కొలతతో కాదనాలి. అయితే డిబేట్‌లో మాకు నేర్పిన ఇంకో పద్ధతి ఉంది: ఒక వాదన ప్రతిసారీ ఒకేలా తప్పుతుంటే, ఆ తప్పులన్నిటిలో ఉమ్మడిగా ఏముందో చూడాలి. మూడు గుంతల దగ్గరా ఉమ్మడిగా ఉన్నది నాన్న. కంపెనీ ఇచ్చిన గని బూట్లలో, ఎక్కడికైనా వాటితోనే వెళ్లే నాన్న. వేళ్ల మీద బండ పడ్డా నలగకుండా ఆ బూట్ల ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉంటుంది. ఎండకు సర్క్యూట్ వేడెక్కి స్వరం కాస్త జారేది. నాన్న తట్టడానికి కాలు తెచ్చేవారు. కాయిల్ బూటును చూసి కూసేది. మళ్లీ నా స్టీలు పళ్లెమే!

"నాన్నా, బూట్లు విప్పు," అన్నాను.

"ఏంది, గుడికొచ్చినమా?"

"విప్పు నాన్నా, చెప్తా."

పెదనాన్నకు అర్థమైనట్టుంది. "అవ్ రా, ఇప్పు. గిప్పటిదాకా నీ కాళ్లనే ఎతికినం," అన్నారు.

బూట్లు దూరంగా గట్టు మీద పెట్టి, పెదనాన్న రబ్బరు చెప్పులు వేసుకుని నాన్న మొదటి వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నీడలో సర్క్యూట్‌ను చల్లారనిచ్చి స్వరాన్ని సరిచేసి ఇచ్చాను. ఈసారి చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంతో నిజాయితీగా అనిపించింది. తూర్పు వైపు, రెండు మొక్కల మధ్య, నాన్న కాలు కదపకుండా నిలబడి ఉండగా స్వరం నిట్టనిలువునా లేచింది. కాయిల్ జరిపితే తగ్గింది. తిరిగి తెస్తే లేచింది.

మూరెడు తవ్వేసరికి పార ఖంగుమంది. నాన్న గడ్డపార మొనతో దాన్ని మెల్లగా తట్టి, చెవి వంచి, తల ఎత్తకుండానే అన్నారు.

"లోపల బోలుగుంది అన్నా."

తుప్పు పట్టిన మూత ఊడటానికి కొంత సమయం పట్టింది. పెదనాన్న ఒక చిన్న రాయి తీసి నా చేతిలో పెట్టారు. వేశాను. ముగ్గురం పైపు మీదకు వంగాం. కింద ఎక్కడో, మేమనుకున్నదానికన్నా ముందే, నీళ్లు పలికాయి.